పగటి డ్యూటీ

ఎండకాలం, 38వ రోజు

గుట్టపాలెం పెద్దాసుపత్రి దరఖాస్తులో పద్నాలుగో ప్రశ్న: "మీరు ఏ వేళల్లో డ్యూటీకి రాగలరు?" దాని కింద నాలుగు గళ్లు ఉన్నాయి. సాయంత్రం, తొలిరాత్రి, నడిరాత్రి, తెల్లవారుజాము. వీలైన వాటిలో టిక్కు పెట్టమన్నారు. నేను ఆ నాలుగూ వదిలేసి, పక్కన పెన్నుతో ఐదో గడి గీసి, "పగలు" అని రాసి అందులో టిక్కు పెట్టాను.

కౌంటర్లో అమ్మాయి ఆ కాగితాన్ని యంత్రంలో పెట్టింది. యంత్రం వెనక్కి తోసేసింది. ఆమె మళ్లీ పెట్టింది. అది మళ్లీ తోసేసింది.

"గడులు మీరు గియ్యకూడదండీ," అంది.

"మిషను తీసుకోకపోతే నువ్వే లోపలికి తీసుకెళ్లి ఇవ్వమ్మా. నడిచే దూరమేగా."

ఇది నేను వచ్చిన మూడో ఆసుపత్రి. మొదటి రెండు చోట్లా నా ఫైలు మీద "ఏ వేళలోనూ పని చేయడానికి అంగీకరించలేదు" అని రాశారు. నేను ఆ మాట అనలేదు. వాళ్ల దగ్గర లేని వేళ ఒకటి అడిగాను, అంతే. ఇంకో రెండు నెలల్లో ఎక్కడా చేరకపోతే నా నర్సు లైసెన్సు రద్దవుతుంది. అందుకే ఈసారి ఎవరు ఏమన్నదీ ఏ రోజుకారోజు రాసి పెడుతున్నాను. నా పేరు సలోమి. వయసు నలభై నాలుగు. సర్వీసు ఇరవై ఒక్క ఏళ్లు.

ఎండకాలం, 39వ రోజు

సాయంత్రం ఏడింటికి ఇంటర్వ్యూ. ఊరు అప్పుడే నేలమాళిగల్లోంచి పైకి వస్తోంది. మెట్ల మీద పిల్లలు, పాలక్యాన్లు, తడి తువ్వాళ్లు. ఆసుపత్రి ముందు ఇనుప గేటు ఇంకా చెయ్యి పెట్టనీయనంత వేడిగానే ఉంది.

లోపల ఇద్దరున్నారు. సూపరింటెండెంటు డాక్టర్ పినాకపాణి గారికి యాభై దాటి ఉంటాయి, సన్నటి మనిషి. కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకోవడం ఆయన అలవాటు. పక్కన మేట్రన్ రహీమున్నీసా గారు. ఆమె నా దరఖాస్తును బల్ల మీద పరిచి ఆ ఐదో గడి మీద వేలు పెట్టి కూర్చున్నారు.

"పగలు అంటే?" అని సూపరింటెండెంటు అడిగారు.

"పొద్దున ఎనిమిదింటి కాడ నుంచి సాయంత్రం ఆరింటి దాకా అండీ."

"ఆ టైములో ఆసుపత్రిలో మనుషులు ఉండరు."

"పేషెంట్లు ఉంటారు కదండీ."

ఆయన కళ్లద్దాలు తీశారు. ఓపిగ్గానే చెప్పారు. ఎనిమిది గంటల సైరన్ మోగగానే సిబ్బంది అంతా మాళిగల్లోకి దిగాలి. పగటిపూట ఒక్కో వార్డుకు వచ్చే చల్లదనం ఎనిమిది ఒళ్లకు మాత్రమే సరిపోతుంది. తొమ్మిదో మనిషి నిలబడితే ఆ ఒంటి వేడి మిగతా ఎనిమిది మంది మీద పడుతుంది. అందుకని పైకప్పు పట్టాల మీద నడిచే మరచేతులే పగలంతా అన్నీ చూసుకుంటాయి. పేషెంట్లకు పొద్దున్నే పగటి చుక్కలనే నిద్రమందు ఎక్కిస్తారు. సాయంత్రం దాకా నిద్రపోతారు. "ఇరవై ఏళ్లుగా ఇలాగే నడుస్తోంది. మీకు తెలియనిది కాదు," అన్నారు.

"తెలుసండీ. ఇరవై ఏళ్లు నేనే ఎక్కించా ఆ చుక్కలు."

మేట్రన్ గారు అప్పుడు తలెత్తారు. "మరి ఇప్పుడేమైంది తల్లీ?"

పోయిన ఎండకాలం నేను పని చేసిన చోట ఒకామె ఉండేది. ఊపిరితిత్తుల జబ్బు. పొద్దున నేనే చుక్కలు పెట్టి, దుప్పటి సర్ది, కిందికి దిగాను. సాయంత్రం పైకి వచ్చేసరికి ప్రాణం లేదు. మరచేతుల రిపోర్టులో "నిద్రలో, ఎండ తీవ్రత వల్ల" అని ఉంది. నేను ఆమెకు ఒళ్లు తుడిచాను. గోళ్ల కింద ఆకుపచ్చ రంగు ఉంది. మంచం పట్టీకి వేసిన పెయింటు అది. పట్టీ మీద నాలుగు గీతలు పడ్డాయి. ఆమె నిద్రపోలేదు. చెయ్యి ఎత్తలేక, గొంతు పెగలక, ఎవరైనా వస్తారేమోనని గీకుతూ పోయింది.

ఇదే చెప్పాను.

"ఆ తరువాత నాకు చేతకాలేదండీ," అన్నాను. "పగలు చచ్చిపోయినోళ్లందరికీ ఎండ పేరే రాత్తన్నాం. నాకు చుక్కల మీద అనుమానం. గుండె, ఊపిరి నీరసంగా ఉన్నోళ్లకి అవి పడవు. ఎవురన్నా పక్కన కూచుని చూస్తేనే తెలిసిద్ది."

"చల్లదనం లెక్క ఒకటుంది కదా," అని సూపరింటెండెంటు మళ్లీ మొదటికి వచ్చారు.

"ఏడుగురే ఉన్న వార్డు ఇవ్వండి. ఎనిమిదో ఒళ్లు నాదనుకోండి."

ఆయన మేట్రన్ గారి వైపు చూశారు. ఆమె నా వైపు చూస్తూనే, "నాలుగో వార్డులో ఒక మంచం ఖాళీగానే ఉందండీ," అన్నారు.

పది రోజులు ట్రయల్. నాకేమైనా అయితే ఆసుపత్రికి సంబంధం లేదని ఒక కాగితం రాయించుకున్నారు. పదకొండో రోజు ఆ నాలుగు వేళల్లో ఒకటి ఎంచుకుంటానని ఇంకో కాగితం పెట్టారు. మొదటి దాని మీద సంతకం చేశాను. రెండోది అలాగే బల్ల మీద వదిలేశాను.

ఎండకాలం, 42వ రోజు

మొదటి పగలు.

సైరన్ మోగినప్పుడు మెట్ల మీద అందరూ కిందికి, నేనొక్కదాన్నే పైకి. భుజాలు తగులుతుంటే పక్కకు ఒరిగి వెళ్లాను.

ఎనిమిదిన్నరకు తలుపులు బిగుసుకున్నాయి. కిటికీలకు ఇనుప రెక్కలు దిగాయి. తలుపు కింది సందులోంచి మాత్రం ఒక తెల్లటి గీత లోపలికి వచ్చి నేల మీద పడింది. అంత తెలుపు ట్యూబులైటుకు ఉండదు.

ఏడుగురి దగ్గరికీ వెళ్లి ఒకటే అడిగాను. చుక్కలు పెట్టమంటారా, మేలుకుని ఉంటారా అని. ముగ్గురు పెట్టమన్నారు, పెట్టాను. నలుగురు వద్దన్నారు. అందులో యానాదయ్య ఒకడు. డెబ్బై ఒక్క ఏళ్లు. ముప్పై ఏళ్లు సున్నపు బట్టీల్లో పని చేసి ఊపిరితిత్తులు పోగొట్టుకున్నాడు. మాట మాటకీ ఆగి గాలి పీల్చుకోవాలి.

"బట్టీ కాడ నిలబడ్డోడికి ఎండంటే భయమేందమ్మా," అన్నాడు. "నాకు నిద్రంటేనే భయం. రోజూ ఈ మందు ఎక్కేటప్పుడు, లేస్తానో లేదోనని ఏలు కదిపి చూసుకుంటా. కాసేపటికి ఏలు కదలదు. నాకు మటుకు తెలివుండిద్ది."

ఎన్నాళ్ల నుంచి అలా ఉంటోందని అడిగాను. పద్దెనిమిది రోజుల నుంచి అన్నాడు. ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"సాయంత్రం అందరూ హడావుడిగా ఉంటారు గదా."

పదింటికి మరచెయ్యి వచ్చి అతణ్ని కుడివైపుకి తిప్పబోయింది. కుడివైపు తిరిగితే అతనికి ఊపిరి ఆడదు. చార్టులో మాత్రం రెండు గంటలకొకసారి పక్క మార్చాలని ఉంది. నేను మధ్యలో నిలబడ్డాను. చెయ్యి ఆగింది. కాసేపు గాలిలో అలా ఉండి, తరువాతి మంచానికి వెళ్లిపోయింది. మధ్యాహ్నం మళ్లీ వచ్చింది. మళ్లీ నిలబడ్డాను.

ఎండకాలం, 45వ రోజు

ఈ రోజు ఏడుగురిలో ఆరుగురు మేలుకున్నారు. నాగరత్తమ్మ అనే ఆమెకు మధ్యాహ్నం ఎలా ఉంటుందో చూడాలనిపించిందట. ఆమె చిన్నప్పుడే ఊరు రాత్రిళ్లకు మారిపోయింది. కిటికీ రెక్కను ఒక వేలు మందాన ఎత్తి పట్టుకున్నాను. నడవగలిగిన ముగ్గురు వంతులవారీగా వచ్చి చూశారు. వీధిలో పురుగు లేదు. తారు రోడ్డు తడిసినట్టు మెరుస్తోంది. ఎదురింటి డాబా మీద ఎవరో మరిచిపోయిన ఎర్రచీర ఒకటి తీగ మీద కదలకుండా వేలాడుతోంది.

"ఇంతేనా," అంది నాగరత్తమ్మ. "దీనికా మనల్ని పండబెడతన్నది."

యానాదయ్య నవ్వబోయి దగ్గాడు. దగ్గు తగ్గేదాకా వీపు మీద చెయ్యేసి కూర్చున్నాను. అతని ఆక్సిజన్ నిన్నటి కంటే మెరుగ్గా ఉంది. మిగతా ఆరుగురిదీ అంతే. గంట గంటకూ రాస్తున్నాను.

ఎండకాలం, 47వ రోజు

సాయంత్రం క్యాంటీన్లో నా బల్ల దగ్గరికి ఎవరూ రాలేదు. హేమలీల అని మూడేళ్ల క్రితం చేరిన నర్సు ఒకామె ప్లేటు పట్టుకుని వచ్చి, కూర్చోకుండా నిలబడే మాట్లాడింది.

"మీకు పిల్లల్లేరంట. నాకు ఇద్దరున్నారు. పగలు వాళ్ల పక్కన పడుకోకపోతే ఎట్టా? రేపు మీరు చేశారని మమ్మల్నందర్నీ ఎక్కమంటారు. మీ పుణ్యాన మేం ఎండలో నిలబడాలి."

"నిన్ను ఎక్కమన్లేదు నేను. నేను ఎక్కుతానంటన్నా."

"రెండూ ఒకటేనండీ. మీకు తెలవదు ఈళ్ల సంగతి."

ఆ పిల్ల చెప్పిన దాంట్లో తప్పు లేదు. అన్నం పూర్తిగా తినలేకపోయాను.

ఆ తరువాత సూపరింటెండెంటు పిలిచారు. నా కాగితాలు చూశారు. పోయిన ఏడాది ఇదే వారంలో నాలుగో వార్డులో ముగ్గురు పోయారు. ఈ వారం ఎవరూ పోలేదు. "ఆరు రోజులు చూసి ఏమీ చెప్పలేం," అన్నారు.

"అందుకే పది రోజులు అడిగానండీ. నెల ఇచ్చినా కాదన్ను."

ఎండకాలం, 49వ రోజు

ఇది ఎలా జరిగిందో అలాగే రాస్తాను. తరువాత వేరేగా చెబుతారు.

పన్నెండూ పదికి లైట్లు సగానికి తగ్గాయి. స్పీకర్లో యంత్రం గొంతు వచ్చింది. బయట యాభై నాలుగు డిగ్రీలు. కరెంటు కోత. ఉన్న కరెంటులో మిర్చి కోల్డ్ స్టోరేజీలకు మొదటి వంతు, ఆసుపత్రికి రెండో వంతు. వార్డులో ఉన్న మనిషి రెండు నిమిషాల్లో బయటికి రావాలి. అందరికీ చుక్కలు మొదలవుతాయి.

ఆసుపత్రికి రెండో వంతు అని అంత మామూలుగా చెప్పింది. నేను ఇరవై ఏళ్లు మాళిగలో పడుకుని ఉన్నందువల్ల ఈ మాట ఎప్పుడూ వినలేదు.

మాళిగ మెట్ల వైపు తలుపు తెరుచుకుంది. నేను కదల్లేదు. మొదటి మంచం దగ్గరికి వెళ్లి చుక్కల గొట్టానికి ఉన్న చక్రం తిప్పి మూసేశాను. రెండో మంచం. మూడో మంచం. మరచెయ్యి నా వెనకే వచ్చి తెరుస్తోంది. మళ్లీ వెనక్కి వచ్చి మూశాను. అది మళ్లీ తెరిచింది. చివరికి ఏడుగురి గొట్టాలూ సూది దగ్గర విప్పేసి, కొసలు మడిచి ప్లాస్టరు చుట్టేశాను. చెయ్యి ఒక్కో మంచం దగ్గరా ఆగి, గాలిలో వెతికి, వెళ్లిపోయింది.

స్పీకర్లో ఈసారి పినాకపాణి గారు. నిద్రలోంచి లేచిన గొంతు. "సలోమి గారూ, బయటికి రండి. మీరు ఉన్న కొద్దీ గది వేడెక్కుతుంది. వాళ్ల ప్రాణాలతో ఆడుతున్నారు."

"ఉన్న నీళ్లతో తడిగుడ్డలు కప్పుతున్నానండీ. నేను బయటికొస్తే కప్పేవాళ్లెవరు?"

"ఇది ఆర్డరు."

"వినబడింది. నేను రాను."

నాగరత్తమ్మ అప్పటికే మంచం దిగి బక్కెట్లో దుప్పటి ముంచుతోంది. నడవగలిగిన మిగతా ఇద్దరూ వచ్చారు. పిండడం, కప్పడం, ఎండిపోయింది తియ్యడం. ఒంటిగంటన్నరకు గదిలో నలభై ఒకటి. నా ముక్కులోంచి రక్తం కారింది. తుడుచుకుని మళ్లీ ముంచాను.

రెండింటికి మాళిగ మెట్ల మీద చప్పుడైంది. రహీమున్నీసా గారు. నెత్తిన తడి గోనెసంచులు, రెండు చేతుల్లో నీళ్ల క్యాన్లు. ఒక్కరే మోసుకొచ్చారు. గోనెలు కిటికీలకు కట్టి, "నువ్వు ఆ పెద్దాయన కాడ కూచో. మిగతాది నేను చూత్తా," అన్నారు.

యానాదయ్యకు అప్పటికే కష్టంగా ఉంది. గోళ్లు నీలంగా మారాయి. అతనికి అర్థమైంది, నాకూ అర్థమైంది. చుక్కలు కావాలా అని అడిగాను. నొప్పి తెలియకుండా పోవచ్చు, అది అతని ఇష్టం. తల అడ్డంగా ఊపాడు.

"అంకమ్మకి చెప్పాల," అన్నాడు. అంకమ్మ అతని కూతురు. "దాని పెళ్లిరోజు నేను తాగి పడిపోయా అనుకుంటంది. నేను తాగలా. ఆ పొద్దున బట్టీ కూలింది. నలుగురు కాలిపోయారు. ఆళ్లని మోసుకుపోయేసరికి తాళి కట్టేశారు. పెళ్లింట్లో చావు కబురు ఎందుకని చెప్పలా. తరవాత చెపుదామంటే... అది నాతో మాట్లాట్టం మానేసింది."

ఇది చెప్పడానికి పావుగంట పైనే పట్టింది. ఒక్కో మాట దగ్గర ఆగాడు, నేను ఆగాను. రెండూ నలభైకి పోయాడు. చెయ్యి నా చేతిలోనే ఉంది. రిపోర్టు నేనే రాశాను. "మెలకువతో ఉండగా, నర్సు సమక్షంలో." మిగతా ఆరుగురూ బతికారు.

సాయంత్రం ఆరింటికి తెలిసింది. పక్కన మూడో వార్డులో చుక్కలు ఎక్కించారు. ఎనిమిది మందిలో నలుగురు లేవలేదు.

ఎండకాలం, 51వ రోజు

విచారణ. అదే గది, అదే బల్ల. మేట్రన్ గారు తలుపు దగ్గర నిలబడ్డారు, సూపరింటెండెంటు పక్కన ఈసారి అంకమ్మ కూర్చుని ఉంది. నలభై ఐదేళ్ల మనిషి, పసుపుకొమ్ములు దంచే చేతులు, వేళ్ల సందుల్లో ఇంకా ఆ రంగు. ఆమె ముందు టైపు చేసిన ఫిర్యాదు ఉంది. ఆర్డరు ధిక్కరించి, చుక్కలు ఆపి, రోగి మరణానికి నర్సు కారణమైందని. వేలిముద్ర వేయడమే మిగిలింది.

"మీరేమైనా చెప్పుకోవాలా?" అని పినాకపాణి గారు అడిగారు.

"మీకు చెప్పుకునేదేమీ లేదండీ. మూడో వార్డు సంగతి మీకే తెలుసు. ఈ అమ్మకి చెప్పాల్సిందొకటుంది."

యానాదయ్య చెప్పింది చెప్పాను. అతను ఆగిన చోట ఆగలేదు గాని, మాటలు మాత్రం అతనివే చెప్పాను. అంకమ్మ మొదట నన్ను అనుమానంగా చూసింది.

"బట్టీ కూలింది ఏ ఊళ్లో?" అంది.

"ఊరు చెప్పలేదమ్మా. నలుగురన్నాడు."

ఆమె పెదాలు కదిలాయి. లెక్క పెట్టుకుంటోంది. "మా పెదనాన్న కొడుకు సుబ్బడు... ఆడూ అదే వారం పోయాడు. జొరమొచ్చి పోయాడన్నారు నాకు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సూపరింటెండెంటు కళ్లద్దాలు తుడుచుకుంటూ కిటికీ వైపు తిరిగారు.

"ఇరవై ఏడేళ్లు," అంది ఆఖరికి. "వచ్చి గుమ్మంలో నిలబడితే మంచినీళ్లు కూడా ఇయ్యలా నేను." ఫిర్యాదు కాగితాన్ని ఆయన వైపు తోసింది. "దీని మీద నేను ఏలెయ్యను. మా అమ్మ కూడా మీ ఆసుపత్రిలోనే పోయింది, పట్టపగలు. ఏం చెప్పి పోయిందయ్యా? చెప్పగలరా మీరు?"

నాకు ఆయన మీద కోపం అప్పుడు కొంచెం తగ్గింది, ఎందుకంటే ఆయన మొహం నిజంగానే పాలిపోయింది. కానీ నేను ఊరుకోలేదు. ట్రయలుకు ఇదే ఆఖరి రోజని, ఆ తరువాత కూడా నేను పగలే వస్తానని, లైసెన్సు తీసేస్తే బయటి మనిషిగానైనా వచ్చి ఆ ఎనిమిదో మంచం మీద కూర్చుంటానని చెప్పాను. మేట్రన్ గారు తన తాళాలగుత్తి తీసి బల్ల మీద పెట్టారు. "నన్నూ పగటికి మార్చండి. లేకపోతే ఇవి తీసుకోండి," అన్నారు.

పినాకపాణి గారు గంట తరువాత రాసిచ్చారు. నాలుగో వార్డు ఒక్కటే. ఈ ఎండకాలం ముగిసేదాకా. బలవంతం ఎవరి మీదా ఉండదు, ఇష్టమైన వాళ్లే రావచ్చు. ఆ చివరి వాక్యం నేనే రాయించాను, హేమలీల మాట గుర్తొచ్చి.

"ఎవరొస్తారు ఆ ఎండలో?" అన్నారు సంతకం చేస్తూ. వెక్కిరింపుగా కాదు. నిజంగానే అడిగారు.

ఎండకాలం, 53వ రోజు

పొద్దున ఎనిమిది. సైరన్.

ఒక్కరే వచ్చారు. రహీమున్నీసా గారు పక్కన ఉన్నారు కాబట్టి ఆమెను లెక్కలోకి తీసుకోవడం లేదు. వచ్చింది హేమలీల. పిల్లల్ని మాళిగలో వాళ్ల అమ్మమ్మ దగ్గర పడుకోబెట్టి వచ్చానంది. మొన్న నాలుగు శవాలకు ఒళ్లు తుడిచింది తనేనంది. వాళ్ల గోళ్లు చూశానని చెప్పింది.

"వారానికి మూడు రోజులే రాగలను," అంది. "ఆదివారం అసలు రాను."

"మూడు రోజులు చాలు. ఏ మూడో నువ్వే చెప్పు."

ముగ్గురం పైకి వెళ్లాం. నాలుగో వార్డులో ఇప్పుడు ఆరుగురే. రెండు ఒళ్లకు చోటుంది, మేం ముగ్గురం. లెక్కకు ఒకరం ఎక్కువ. మూడో వార్డులో మొన్నటి నుంచి నాలుగు మంచాలు ఖాళీ. మిగిలిన నలుగురికీ ఎనిమిదిన్నరకు చుక్కలు మొదలవుతాయి.

మేట్రన్ గారు నాలుగో వార్డులో ఉండిపోయారు. నేనూ హేమలీలా రెండు వార్డుల మధ్య ఉన్న తలుపు తీసుకుని మూడో వార్డులోకి వెళ్లాం. మంచాల మీద నలుగురూ కళ్లు తెరిచే ఉన్నారు. అడిగితే నలుగురూ వద్దనే అన్నారు. గొట్టాలు విప్పి కొసలు మడిచాం. హేమలీల ప్లాస్టరు గట్టిగా చుట్టింది.

మూడో వార్డుకు అనుమతి లేదు. మేం అడగలేదు.